1970 షెవెల్‌లో ఎల్‌ఎస్3 ఇంజిను: ఎక్కించే ముందు తేల్చుకోవలసినవి

నీలి షెవెల్:

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర షెవర్లే కంపెనీ వారి 1970 షెవెల్ కారు ఉంది. ఇది ఎస్‌ఎస్ అనే ఎక్కువ శక్తి గల రకం కాదు, చిన్న బ్లాకు వీ8 (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్ల) ఇంజినుతో తయారైన మామూలు మాలిబూ. దానితో పాటు వచ్చిన ఇంజిను నా చేతికి రాకముందే మారిపోయింది. ఇప్పుడున్న 350 క్యూబిక్ అంగుళాల ఇంజినులో రెండు సిలిండర్లకు కంప్రెషన్ పడిపోయింది, వెనక సీలు నుంచి ఆయిలు కారుతోంది. గేర్‌బాక్స్ మూడు గేర్ల ఆటోమేటిక్, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే.

పాత ఇంజినును బోరింగ్ చేయించి మళ్లీ కూర్చడమా, లేక దాన్ని దించేసి అదే కంపెనీ కొత్త తరం 6.2 లీటర్ల ఎల్‌ఎస్3 ఇంజిను ఎక్కించడమా అన్నది నెల రోజులుగా తేల్చుకోలేకపోతున్నాను. ఈ బండిని ప్రదర్శనలో నిలబెట్టాలని నాకు లేదు. ఉదయం తాళం తిప్పగానే స్టార్టు కావాలి, రోజంతా నడిపినా వేడెక్కకూడదు, రహదారి మీద ఇంజిను అరుపు లేకుండా సాగాలి. ఈ పని చేసినవారు మొదట ఏది చేసి ఉండవలసిందో, ఏది చేసి పొరపాటు పడ్డారో చెబితే నాకు మేలు చేసినవారవుతారు.

అసలు బ్లాక్:

నీలి షెవెల్ గారూ, స్పానర్ పట్టుకునే ముందు ఒక్క పని చేయండి. కుడివైపు సిలిండర్ హెడ్డుకు ముందు, బ్లాకు మీద చదునుగా చెక్కిన చిన్న భాగం ఉంటుంది. దాన్ని తుడిచి, అక్కడ పొడిచిన అంకెలను కంపెనీ బండికి ఇచ్చిన సంఖ్య (వీఐఎన్)లోని చివరి అంకెలతో పోల్చి చూడండి. అవి కలిస్తే ఆ ఇంజిను ఆ బండితోనే పుట్టిందని అర్థం, అప్పుడు నా సలహా వేరుగా ఉంటుంది. 1969లో అల్యూమినియం 427 క్యూబిక్ అంగుళాల ఇంజినుతో తయారైన జెడ్‌ఎల్1 రకం షెవర్లే కమారో కార్లు 69 మాత్రమే. అలాంటి బండి బోనెట్ కింద కొత్త ఇంజిను పెట్టడాన్ని నేను ఎప్పటికీ సమర్థించలేను. ఒకసారి విడిపోయిన జతను మళ్లీ కలపడం ఎవరి చేతిలోనూ ఉండదు.

మీ బండి విషయంలో ఆ చిక్కు లేదని మీ మాటలను బట్టి తెలుస్తోంది కాబట్టి ఎక్కించండి అనే అంటాను. అయితే చాసిస్‌లో దేన్నీ కోయకుండా, వీలైనంతవరకు బోల్టులతోనే బిగించండి. రేపు ఈ బండి మరొకరి చేతికి వెళితే ఆయన పాత చిన్న బ్లాకును తిరిగి పెట్టుకోగలగాలి.

హార్స్ పవర్ లెక్కల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ప్రతి చర్చలోనూ ఇక్కడే తడబాటు కనిపిస్తుంది. 1970 నాటి 454 ఎల్‌ఎస్6 ఇంజినుకు 450 హార్స్ పవర్ అని, ఎల్‌ఎస్3కి 430 అని చదివి, నలభై ఏళ్లలో ఏమీ పెరగలేదని కొందరు అనుకుంటారు. పాత అంకె స్థూల కొలత. ఇంజినును బల్ల మీద పెట్టి, ఎయిర్ ఫిల్టరూ సైలెన్సరూ డైనమో భారమూ లేకుండా కొలిచినది. 1972 మోడళ్ల నాటికి అమెరికా కంపెనీలు ఆ సామగ్రి అంతా తగిలించి కొలిచే నికర పద్ధతికి మారాయి. షెవెల్‌లో వచ్చిన ఎల్‌ఎస్5 అనే 454 ఇంజినుకు 1971లో 365 అని ప్రకటించి, 1972లో 270 అని రాశారు. ఎల్‌ఎస్3 అంకె నికర కొలత. ఈ రెండు ఇంజిన్ల మధ్య ఉన్న దూరం కాగితం మీద కంటే రోడ్డు మీదే ఎక్కువగా తెలుస్తుంది.

పేర్ల దగ్గరా జాగ్రత్త పడండి. 1970 నాటి ఎల్‌ఎస్6 పెద్ద బ్లాకు, 2001 షెవర్లే కార్వెట్ కారులో వచ్చిన ఎల్‌ఎస్6 పూర్తిగా వేరొక కుటుంబానిది. ఎల్‌టీ1 అనే పేరైతే మూడు తరాల ఇంజిన్లకు తగిలించారు. విడిభాగాలు తెప్పించుకునేటప్పుడు పేరుతో పాటు సంవత్సరం చెప్పకపోతే తప్పుడు సామాను ఇంటికి వస్తుంది.

వెల్డింగ్ మాస్క్:

నేను ఇప్పటికి ఇలాంటి బళ్లు నాలుగింటిలో పాత ఇంజిన్లు దించి ఎల్‌ఎస్ ఇంజిన్లు ఎక్కించాను. ఈ కుటుంబం మొదట 1997లో కార్వెట్ కోసం 5.7 లీటర్ల ఎల్‌ఎస్1గా వచ్చింది. పాత బళ్లలో ఇది ఇంతగా కుదరడానికి ముఖ్య కారణం, దీని వాల్వులన్నీ బ్లాకులో ఉండే ఒకే క్యామ్ షాఫ్ట్‌తో, పుష్ రాడ్లతో నడవడమే. హెడ్ల మీద క్యామ్‌లు లేవు కాబట్టి ఇంజిను పొట్టిగా, ఇరుకుగా ఉంటుంది. రెండు సిలిండర్ల మధ్య దూరం కూడా 1955 నాటి షెవీ చిన్న బ్లాకులో ఉన్న 4.4 అంగుళాలే, అందువల్ల పొడవులోనూ పెద్ద తేడా రాదు.

షెవెల్‌కు విడి చాసిస్ ఉంది కాబట్టి మౌంటింగుల దగ్గర మీకు బాధ లేదు. పాత మౌంటింగుల స్థానంలోనే బిగించుకునే మధ్య పలకలు దొరుకుతాయి. నిజమైన ఇబ్బంది ఆయిల్ చాంబర్ దగ్గర వస్తుంది. పికప్ ట్రక్కుల ఇంజిన్లకు వచ్చే చాంబర్ లోతుగా ఉండి చాసిస్ అడ్డబద్దె కంటే కిందికి వేలాడుతుంది, దానితో రోడ్డెక్కితే మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గరే ఆయిలంతా నేల పాలవుతుంది. 1998 నుంచి 2002 వరకు వచ్చిన కమారో చాంబర్‌ను చాలామంది వాడారు. ఈ మార్పిడి కోసమే పోత పోసిన చాంబర్లూ ఉన్నాయి. ఏది తీసుకున్నా, స్టీరింగ్‌ను ఒక చివర నుంచి మరో చివర వరకు తిప్పి, స్టీరింగ్ మధ్య లింకు (ముందు చక్రాలను తిప్పే అడ్డ కడ్డీ) చాంబర్‌కు ఎక్కడ దగ్గరవుతుందో కళ్లతో చూసిన తర్వాతే బోల్టులు బిగించండి.

ఈ కొలతలన్నీ బండి తన చక్రాల మీద, తన బరువు మీద నిలబడి ఉండగా తీసుకోవాలి. జాకీ మీద వేలాడుతున్న బండి దగ్గర కొలిచి మౌంటింగు వెల్డు చేస్తే, కిందికి దించగానే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారిపోతుంది. గేర్‌బాక్స్ వెనక్కి ఎన్ని డిగ్రీలు వాలి ఉందో, డిఫరెన్షియల్ ముక్కు అన్ని డిగ్రీలే పైకి చూడాలి. ఈ రెండు గీతలూ సమాంతరంగా లేకపోతే ఒకానొక వేగం దగ్గర బండి మొత్తం వణుకుతుంది, ఆ వణుకుకు కారణం వెతుకుతూ చక్రాల బ్యాలెన్సింగు పదిసార్లు చేయించుకుంటారు. నా మొదటి బండిలో నేను చేసింది సరిగ్గా అదే.

మీ మూడు గేర్ల ఆటోమేటిక్‌నే ఉంచుకుంటే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. గేర్‌బాక్స్‌కు బిగించే బోల్టుల అమరిక దాదాపు పాతదే అయినా, ఎల్‌ఎస్ క్రాంక్ షాఫ్ట్ వెనక అంచు సుమారు 10 మిల్లీమీటర్లు ముందుకు ఉంటుంది. ఆ ఖాళీని పూరించే స్పేసరు వేయకుండా బిగిస్తే, ఇంజిను శక్తిని ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ కేంద్రంలో నిలవదు, కొద్ది రోజుల్లోనే గేర్‌బాక్స్ పంపు నలిగిపోతుంది.

వైరింగ్ కట్ట:

ఇంజిను ఎక్కించడం ఒక వారాంతపు పని, దాన్ని నమ్మకంగా నడిచేలా చేయడం మాత్రం మిగతా ఆరు నెలల పని. మధ్యలో ఆగిపోయి, దుప్పటి కప్పుకొని మూలన నిలబడిన బళ్లను నేను చాలా చూశాను. వాటిలో ఒక్కటి కూడా మౌంటింగుల దగ్గర ఆగిపోలేదు, అన్నీ పెట్రోలు దగ్గరా కరెంటు దగ్గరా ఆగిపోయినవే.

మీ పాత ఇంజినులో కార్బురేటర్‌కు 5 నుంచి 7 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి చాలు, క్యామ్ షాఫ్ట్ తిప్పే చిన్న పంపు దాన్ని ఇచ్చేది. ఎల్‌ఎస్3 ఇంజెక్టర్లకు నిలకడగా 58 పీఎస్‌ఐ కావాలి. అంటే పాత ఇనుప గొట్టాన్ని అలాగే వాడుకుందామన్న ఆలోచనను, పాత రబ్బరు గొట్టాలకు క్లిప్పులు బిగించి సరిపెట్టుకుందామన్న ఆలోచనను ఇప్పుడే పక్కన పెట్టండి. అంత ఒత్తిడిలో చిన్న చీలిక వచ్చినా పెట్రోలు చుక్కలుగా కారదు, వేడి ఎగ్జాస్ట్ గొట్టాల మీదికి తుంపరగా చిమ్ముతుంది. ఇంజెక్షన్ ఒత్తిడికి తగినదని గొట్టం మీదే రాసి ఉన్న సామానునే వాడండి.

పంపును ట్యాంకు బయట, చాసిస్‌కు బిగించడం సులువుగా కనిపిస్తుంది. నేనూ మొదట అలాగే చేశాను. అది పెద్దగా మూలిగేది, ఎండలో ఎక్కువసేపు నడిపాక వేడెక్కి ఒత్తిడి కోల్పోయేది. ఇంజెక్షన్ పంపులు పెట్రోలును తోయడానికి చేసినవి, దూరం నుంచి పీల్చడానికి చేసినవి కావు. వాటిని చల్లబరిచేదీ చుట్టూ ఉన్న పెట్రోలే. ట్యాంకు విషయం అంతకంటే ముఖ్యం. పాత ట్యాంకులో అడ్డు తెరలు ఉండవు. పావు ట్యాంకు పెట్రోలుతో నేను పొడవైన మలుపు తిరుగుతున్నప్పుడు పెట్రోలంతా ఒక పక్కకు చేరి, పంపు గాలి పీల్చి, ఇంజిను నడి మలుపులో ఆగిపోయింది. పవర్ స్టీరింగూ దానితోనే ఆగిపోయింది. ఆ భయం నేను ఇంకా మరచిపోలేదు. మీ షెవెల్ కొలతలకే చేసిన, లోపల తెరలూ పంపూ అమర్చిన ట్యాంకులు దొరుకుతాయి. పొదుపు ఎక్కడైనా చేయండి గానీ ఇక్కడ వద్దు. ఒత్తిడి నియంత్రణకు 1999 నుంచి 2003 వరకు కార్వెట్‌లో వచ్చిన ఫిల్టరు చాలు. అందులోనే రెగ్యులేటర్ ఉంటుంది, మిగిలిన పెట్రోలు అక్కడినుంచే ట్యాంకుకు తిరిగిపోతుంది, ఇంజినుకు ఒక్క గొట్టమే వెళుతుంది.

ఇక కరెంటు. ఎల్‌ఎస్3 క్రాంక్ మీద ఉండే సెన్సర్ చక్రానికి 58 పళ్ల లెక్క, తొలి ఎల్‌ఎస్ ఇంజిన్లలో అది 24. కంప్యూటర్, వైరింగ్ కట్ట, ఇంజిను ఈ మూడూ ఒకే లెక్కకు చెందినవి కాకపోతే స్టార్టరు ఎంతసేపు తిప్పినా స్పార్కు రాదు. ఎల్‌ఎస్3 థ్రాటిల్‌కు తీగ ఉండదు కాబట్టి యాక్సిలరేటర్ పెడల్ కూడా ఆ కంప్యూటర్‌కు సరిపోయేదే అయి ఉండాలి.

ఎర్త్ గురించి ఎంత చెప్పినా తక్కువే. పాత బండిలో ఎర్త్ సరిగా లేకపోతే దీపాలు మసకబారేవి, అంతకు మించి ఏమీ జరిగేది కాదు. ఈ ఇంజినులో అదే లోపం సెన్సర్లన్నిటి మాటనూ తారుమారు చేస్తుంది. నేను మూడు వారాల పాటు ఒకదాని తర్వాత ఒకటిగా మంచి సెన్సర్లు మార్చుకుంటూ పోయాను. చివరికి దొరికింది, ఫ్రేముకు కొత్తగా వేసిన పెయింటు మీదే నేను బిగించిన ఎర్త్ తీగ. పెయింటు గీకి ఇనుము మెరిసేలా చేశాక కంప్యూటర్ చూపుతూ వచ్చిన తప్పుడు లోపాల కోడ్‌లన్నీ పోయాయి. బ్యాటరీ నుంచి బ్లాకుకు, బ్లాకు నుంచి చాసిస్‌కు, చాసిస్ నుంచి బాడీకి మూడు వేర్వేరు మందపాటి తీగలు వేయండి.

టోర్షన్ బార్:

వైరింగ్ కట్ట గారి మాటకు క్రైస్లర్ బళ్లు నడిపేవారి తరఫున ఒకటి కలుపుతాను. మా డాడ్జి, ప్లిమత్ బళ్లలో డాష్‌బోర్డు మీద ఆంపియర్ మీటరు ఉండేది, డైనమో కరెంటంతా ఇంజినుకూ కారు లోపలికీ మధ్య ఉన్న గోడలోని ప్లగ్గు గుండా లోపలికి వచ్చి ఆ మీటరు గుండా వెళ్లేది. నాటి డైనమోలకు అది సరిపోయింది. క్రైస్లర్ కొత్త హెమీ ఇంజినుతో వచ్చే పెద్ద డైనమోను ఆ దారికే కలిపితే ప్లగ్గు కరిగి నిప్పు అంటుకుంటుంది. మీటరును దారి తప్పించి, ఫ్యూజు లింకుతో బ్యాటరీకి నేరుగా మందపాటి తీగ వేయడం తప్పనిసరి.

707 హార్స్ పవర్ల సూపర్‌ఛార్జర్ ఉన్న హెల్‌క్యాట్ ఇంజినును క్రైస్లర్ విడిభాగాల విభాగమైన మోపార్ 1976కు ముందటి బళ్ల కోసం పెట్టెలో పెట్టి అమ్మింది. దానికి ఆశపడని క్రైస్లర్ అభిమాని ఉండడు, నేనూ ఆశపడ్డాను. మా బళ్ల ముందు భాగంలో స్ప్రింగుల బదులు ఉండే టోర్షన్ బార్లు (మెలితిరిగే కడ్డీలు), స్టీరింగ్ పెట్టె ఆ వెడల్పుకు చాలా ఇరుకని కొలిచాక తెలిసి, సూపర్‌ఛార్జర్ లేని 5.7 లీటర్ల హెమీతో సరిపెట్టుకున్నాను. దానితో పూర్తి తృప్తిగా ఉన్నాను.

షాక్ టవర్:

ఫోర్డు వారి పరిస్థితి ఇంకా కష్టం. 2011 మస్టాంగ్‌తో వచ్చిన 5.0 లీటర్ల కయోటీ ఇంజిను 412 హార్స్ పవర్లతో ఎంతో అందంగా తిరుగుతుంది గానీ, ఒక్కొక్క హెడ్డు మీద రెండేసి క్యామ్ షాఫ్ట్‌లు ఉండడం వల్ల దాని తలలు బాగా వెడల్పు. 1960ల మస్టాంగ్‌లో ముందు స్ప్రింగులు షాక్ టవర్లు అనే ఇనుప గూళ్లలో కూర్చుంటాయి, ఇంజిను వాటి మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఇది కొత్త సమస్యేమీ కాదు. 1969లో బాస్ 429 ఇంజినును మస్టాంగ్‌లో పట్టించడానికి ఫోర్డు ఆ బళ్లను కార్ క్రాఫ్ట్ అనే సంస్థకు పంపి, షాక్ టవర్లు మార్పించవలసి వచ్చింది.

నేను టవర్లు కోసి, ముందు సస్పెన్షన్ మొత్తం మార్చాను. ఆ బండికి విడి చాసిస్ లేదు, టవర్లే ముందు భాగపు బలం. వాటిని తీసేశాక ఆ బలాన్ని తిరిగి కట్టకపోతే తలుపులు సరిగా మూసుకోవు. అసలు బ్లాక్ గారు చెప్పినట్టు వెనక్కి తిప్పుకోలేని పని ఇదే. చేసినందుకు విచారం లేదు, కానీ తెలిసి చేయాలి.

ఎడమ పాదం:

నీలి షెవెల్ గారు రహదారి మీద అరుపు వద్దన్నారు కదా, దానికి జవాబు ఇంజినులో లేదు, గేర్‌బాక్స్‌లో ఉంది. మూడు గేర్ల ఆటోమేటిక్‌లో చివరి గేరు ఒకటికి ఒకటి. డిఫరెన్షియల్ 3.73, టైరు ఎత్తు 27 అంగుళాలు అనుకుంటే, గంటకు 70 మైళ్ల దగ్గర ఇంజిను నిమిషానికి దాదాపు 3250 సార్లు తిరుగుతుంది. 4ఎల్60ఈ అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్ చివరి గేరు 0.70, దానితో అది 2275కు దిగుతుంది. ఆరు గేర్ల టీ56లో 0.50 ఉన్న ఆరో గేరు వేస్తే 1625కు వస్తుంది, అంత తక్కువలో ఎల్‌ఎస్3 ఎత్తుల మీద కొంచెం నీరసపడుతుంది కాబట్టి ఐదో గేరుకు దిగవలసి వస్తుంది. నా అభిప్రాయంలో ఇలాంటి బండిని ఎడమ పాదంతో క్లచ్ తొక్కుతూ నడపడంలోనే ఆనందం ఉంది. అయితే టీ56 ఒళ్లు పెద్దది. దాని కోసం కారు నేల మధ్య గేర్‌బాక్స్ కోసం ఉండే సొరంగాన్ని పైకి కోసి మళ్లీ కట్టాలి. ఏదీ కోయకూడదని మీరు నిశ్చయించుకుంటే ఓవర్‌డ్రైవ్ (ఒకటి కంటే తక్కువ నిష్పత్తి గల చివరి గేరు) ఉన్న ఆటోమేటిక్ మీకు తగినది.

నీలి షెవెల్:

అందరికీ కృతజ్ఞతలు. బ్లాకు మీది అంకెలు చూశాను, అవి బండికి చెందినవి కావు. కాబట్టి ఎల్‌ఎస్3, 4ఎల్60ఈ, తెరలున్న ట్యాంకు అని నిర్ణయించుకున్నాను. బ్రేకులూ, రేడియేటరూ ఇంజినుతో పాటే మార్చాలా, తర్వాత మార్చుకోవచ్చా?

వెల్డింగ్ మాస్క్:

బ్రేకులు ఇంజిను కంటే ముందు మార్చండి. డ్రమ్ బ్రేకులు ఒకసారి గట్టిగా ఆపుతాయి, రెండోసారి వేడికి జారిపోతాయి. ముందు చక్రాలకైనా డిస్కులు వేయకుండా ఈ ఇంజినుతో బయటికి వెళ్లవద్దు. మీది 1970 బండి కాబట్టి మాస్టర్ సిలిండర్ రెండు సర్క్యూట్లది. 1966 వరకు చాలా బళ్లలో ఒకే సర్క్యూట్ ఉండేది, ఒక గొట్టం పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోయేది. అలాంటి బండి ఉన్నవారు ముందు దాన్ని మార్చుకోవాలి. ఎల్‌ఎస్3ని దానితో వచ్చిన క్యామ్‌తోనే ఉంచితే బ్రేకు బూస్టరుకు వాక్యూమ్ సరిపోతుంది. శబ్దం కోసం పెద్ద క్యామ్ వేసుకుంటే వాక్యూమ్ పడిపోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

వెనక డిఫరెన్షియల్ కవర్ బోల్టులు కూడా లెక్కపెట్టండి. మామూలు షెవెల్‌లో పది ఉంటాయి. మెత్తగా నడిపితే అది బతుకుతుంది. పట్టున్న వెడల్పు టైర్లు వేసి, ఆగిన చోటు నుంచి గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే దాని పళ్లు రాలతాయి. పన్నెండు బోల్టులదో, ఫోర్డు 9 అంగుళాలదో ఎప్పటికైనా అవసరమవుతుంది.

వైరింగ్ కట్ట:

రేడియేటర్ సంగతి నేను చెబుతాను. ఎల్‌ఎస్‌లో థర్మోస్టాట్ ఇంజినులోకి నీళ్లు వచ్చే వైపున ఉంటుంది, పాత చిన్న బ్లాకులో బయటికి పోయే వైపున ఉండేది. నీళ్లు నింపేటప్పుడు గాలి లోపలే చిక్కుకోవడం అందువల్ల ఎక్కువ. హెడ్ల ముందు భాగం నుంచి వచ్చే సన్నని ఆవిరి గొట్టాన్ని మూసేయకుండా రేడియేటర్ పై భాగానికో, ఇంజిను కంటే ఎత్తులో పెట్టిన నీళ్ల డబ్బాకో కలపండి. దాన్ని మూసేసినవారి బళ్లలో మీటరు ముల్లు మామూలుగానే కనిపిస్తుంది, లోపల వెనక సిలిండర్ల దగ్గర మాత్రం ఆవిరి బుడగలు చేరి హెడ్డు వేడెక్కిపోతుంది. ఫ్యాన్లకు రేడియేటరంతా కప్పే గూడు ఉండాలి, లేకపోతే గాలి ఫ్యాన్ రెక్కల ముందు నుంచే తిరుగుతుంది.

అసలు బ్లాక్:

కాలిఫోర్నియాలో ఉన్న సభ్యులు ఒక విషయం గమనించాలి. అక్కడ 1975, అంతకు ముందటి పెట్రోలు బళ్లకు పొగ తనిఖీ మినహాయింపు ఉంది. 1976 నుంచి వచ్చిన బళ్లలో ఇంజిను మారిస్తే, కొత్త ఇంజిను బండి కంటే పాతది కాకూడదు, దానితో వచ్చిన ఉద్గార సామగ్రి అంతా బండిలో ఉండాలి.

నీలి షెవెల్:

ఐదు నెలల తర్వాత తిరిగి రాస్తున్నాను. మొదట బ్రేకులు, తర్వాత ట్యాంకు, ఆ తర్వాత ఇంజిను అన్న వరుసను తప్పలేదు. మొదటిసారి స్టార్టు చేసే ముందు ఇంజెక్టర్ల ఫ్యూజు తీసేసి, ఆయిల్ ప్రెషర్ మీటరు లేచేవరకు స్టార్టరుతో తిప్పాను. ఫ్యూజు పెట్టాక రెండో ప్రయత్నంలోనే ఇంజిను అందుకుంది. ఆ చప్పుడు విని నా కళ్లు చెమర్చాయి.

ముందు భాగం మూడు సెంటీమీటర్లు పైకి లేచింది. పాత ఇనుప ఇంజినుకు సరిపోయిన స్ప్రింగులు అల్యూమినియం బ్లాకుకు గట్టివయ్యాయి, వాటిని మార్చాను. పాత 350ని ఆయిలు పట్టించి, కవరు చుట్టి, స్టాండు మీద భద్రం చేశాను. చాసిస్‌లో ఎక్కడా కోత లేదు.

ఒక్క అనుమానం మిగిలింది. ఆయిల్ చాంబర్‌కూ అడ్డబద్దెకూ మధ్య ఖాళీ 8 మిల్లీమీటర్లు ఉంది. ఇది చాలుతుందా?

వెల్డింగ్ మాస్క్:

నిలబడి ఉన్నప్పుడు 8 అంటే, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఎంతన్నది తెలియదు. రబ్బరు మౌంటింగుల మీద ఇంజిను ఒక పక్కకు వాలుతుంది. ఆ ఖాళీలో మెత్తని బంకమన్ను ముద్ద పెట్టి, రెండో గేరులో ఒకసారి గట్టిగా తొక్కి, ఒకసారి గట్టిగా బ్రేకు వేసి, తిరిగి వచ్చాక ఆ ముద్ద మందం కొలవండి.

నీలి షెవెల్:

కొలిచాను. ముద్ద 3 మిల్లీమీటర్లకు నలిగింది.

వెల్డింగ్ మాస్క్:

అయితే చాలదు, రబ్బరు మెత్తబడే కొద్దీ అది ఇంకా తగ్గుతుంది. మౌంటింగుల కింద రెండు వైపులా 6 మిల్లీమీటర్ల పలకలు వేసి ఇంజినును పైకి లేపండి. లేపాక గేర్‌బాక్స్ కోణం, బోనెట్ కింద థ్రాటిల్ గొట్టానికి ఉన్న ఖాళీ, రెండూ మళ్లీ కొలవడం మరచిపోవద్దు.